భ్రమణ గతి: అంతా తిరిగింది, ఘర్షణ దగ్గర ఆగింది

భ్రమణ గతి పాఠం నిన్న రాత్రితో ఒక కొలిక్కి వచ్చింది. పాఠంలో ముప్పాతిక వంతు తేలికే. మిగతా పాతిక వంతు నా పరువు తీసింది. అది ఇంకా మండుతుండగానే రాసేస్తున్నాను.

కోణీయ వేగం, కోణీయ త్వరణం సమీకరణాలు పాత సరళరేఖ సమీకరణాలే, అక్షరాలు మారాయంతే. నిమిషానికి 300 చుట్లంటే సెకనుకు 31.4 రేడియన్లు. ఇలా మార్చకుండా టార్క్ (బలం తిప్పే ప్రభావం) లెక్కలోకి దిగొద్దు.

జడత్వ భ్రామకాలు, అంటే తిప్పబోతే వస్తువు చూపే మొండితనం విలువలు, బట్టీ పట్టక తప్పదు. ద్రవ్యరాశిని వ్యాసార్థం వర్గంతో గుణించి, దాన్ని రింగుకైతే 1, బిళ్లకూ ఘన సిలిండర్‌కూ 1/2, బోలు గోళానికి 2/3, ఘన గోళానికి 2/5తో హెచ్చించాలి. లంబాక్ష సిద్ధాంతం (తలంలోని రెండు లంబ అక్షాల విలువలు కలిపితే తలానికి నిలువుగా ఉన్న అక్షం విలువ) పల్చటి సమతల వస్తువులకే. సమాంతరాక్ష సిద్ధాంతం (అక్షాన్ని పక్కకి జరిపితే ద్రవ్యరాశి, దూరం వర్గాల లబ్ధాన్ని కలపడం) ద్రవ్యరాశి కేంద్రం గుండా పోయే అక్షం నుంచే మొదలవ్వాలి. కడ్డీకి ఒక చివర విలువ (ద్రవ్యరాశి, పొడవు వర్గాల లబ్ధంలో) 1/3 కదా అని దానికి 1 కలిపి రెండో చివరకి దూకితే 4/3 వస్తుంది. రెండు చివరలూ ఒకలాంటివే అయినప్పుడు జవాబు 1/3 కాక ఇంకేమవుతుంది?

ఇక అసలు గొడవ, వాలుతలం మీద దొర్లే సిలిండర్.

లెక్క ఇది: 2 కిలోల ఘన సిలిండర్, 30 డిగ్రీల వాలు, ఘర్షణ గుణకం 0.5, జారకుండా దొర్లుతోంది. త్వరణం ఎంత? గురుత్వ త్వరణం 10 అనుకుంటే వాలు వెంట కిందికి లాగే బలం 10 న్యూటన్లు. కోచింగుల్లో నూరిపోసే షార్ట్‌కట్ ఒకటుంది: ఘర్షణ కనబడగానే మ్యూ-ఎన్ (ఘర్షణ గుణకం, తలం లంబంగా నెట్టే బలాల లబ్ధం) వేసెయ్. వేశాను. 8.66 న్యూటన్లు. త్వరణం 10లోంచి 8.66 తీసి 2తో భాగిస్తే 0.67. అదే ఘర్షణను టార్క్ సమీకరణంలో పెడితే కోణీయ త్వరణం, వ్యాసార్థాల లబ్ధం 8.66 వచ్చింది. జారకుండా దొర్లేటప్పుడు ఈ రెండూ సమానం కావాలి. నా సిలిండర్ మాత్రం కిందికి దిగే జోరుకి 13 రెట్లు గిరగిరా తిరుగుతోంది, బురదలో దిగబడ్డ ట్రాక్టర్ చక్రంలా. ట్రాక్టర్‌కి ఇంజనుంది, దీనికేముంది?

అంకెలు మూడుసార్లు సరిచూసినా తప్పు దొరకలేదు, ఎందుకంటే తప్పు అంకెల్లో లేదు. స్థైతిక ఘర్షణకు, అంటే తాకే చోట జారనప్పుడు ఉండే ఘర్షణకు, సూత్రం లేదు. మ్యూ-ఎన్ దాని గరిష్ఠ పరిమితి. జారకుండా ఆపడానికి ఎంత కావాలో అంతే పుడుతుంది, కాబట్టి దాన్ని తెలియని రాశిగానే వదిలేయాలి. ఘర్షణను ఘ, త్వరణాన్ని త అనుకోండి. 10 − ఘ = 2త. టార్క్ సమీకరణం నుంచి, జారదన్న షరతు కలిపితే, ఘ = త. ఇక 3త = 10, త్వరణం 3.33, ఘర్షణా 3.33. ఇది 8.66కి లోపే ఉంది కాబట్టి సిలిండర్ నిజంగానే జారదు. ఈ చివరి సరిచూపు మానేస్తే మళ్లీ మోసపోతారు. గుణకం 0.1 అయితే పరిమితి 1.73 మాత్రమే, సిలిండర్ జారుతుంది, త్వరణం 4.13. మ్యూ-ఎన్ వాడాల్సింది అక్కడే. ఈ వాలులో జారకుండా ఉండాలంటే గుణకానికి హద్దు సుమారు 0.19.

ఘర్షణ ఉన్నా శక్తి నిత్యత్వం ఎలా పనిచేస్తుందన్నది రెండో చిక్కు. దొర్లేటప్పుడు నేలను తాకే బిందువు ఆ క్షణాన నిశ్చలం. కదలని చోట ఘర్షణ చేసే పని సున్నా.

ఇంట్లో చూడాలంటే మీటరు పలకను ఒకవైపు 10 సెంటీమీటర్లు ఎత్తి గోలీ, నిలువుగా క్యారమ్ కాయిన్, చేతి గాజు వదలండి. లెక్క ప్రకారం 1.69, 1.75, 2.02 సెకన్లు. గోలీకీ కాయిన్‌కీ తేడా కంటికి ఆనదు, గాజు వెనకబడడం మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. బరువైన గాజు, తేలిక గాజు అని వెతకొద్దు, బరువు కొట్టివేతలో పోతుంది.

ఘర్షణ దిశ మరో తలనొప్పి. ఎప్పుడూ చలనానికి ఎదురే అని రాసుకున్నవాళ్లు సైకిల్ చూడాలి. పెడల్ తొక్కి వేగం పెంచుతుంటే వెనక చక్రం మీద నేల ఘర్షణ ముందుకే, ముందు చక్రం మీద వెనక్కి. ఘన సిలిండర్‌ని కేంద్రం దగ్గర అడ్డంగా లాగితే ఘర్షణ లాగే బలంలో మూడో వంతు, వెనక్కి. పైఅంచు దగ్గర లాగితే అదే మూడో వంతు, ముందుకు. కేంద్రానికి పైన సగం వ్యాసార్థం ఎత్తులో లాగితే సున్నా. అందుకే దిశను ఊహించే పని మానేశాను. ఏదో ఒక వైపు గుర్తు వేసుకుంటాను, రుణ విలువ వస్తే అటు కాదని అర్థం.

కుట్టు దారం రీలుతో కూడా ఇదే తేలుతుంది. దారం కిందినుంచి వచ్చేలా బల్ల మీద పెట్టి నేలబారుగా మెల్లగా లాగితే రీలు దారం విప్పుకుంటూ దూరంగా పోతుందనే అందరూ అంటారు. కాదు, మన వైపే వస్తుంది. లోపలి వ్యాసార్థం 1, బయటి అంచు 2 సెంటీమీటర్లయితే దారాన్ని 60 డిగ్రీలు దాటించి పైకెత్తి లాగండి, అప్పుడు వెనక్కి దొర్లుతుంది. సరిగ్గా 60 దగ్గర దారం గీత నేలను తాకే బిందువు గుండానే పోతుంది కనుక ఆ బిందువు చుట్టూ టార్క్ సున్నా, రీలు ఎటూ దొర్లదు. గట్టిగా లాగితే మన వైపు జారుతుంది.