ఓడ చిట్టా, మేస్త్రీ పుస్తకం

న్యూజెర్సీలో మా బిడ్డ ఇంటి పక్కన ఉండే పెద్దాయన చలి ముదరక ముందే తన పెరట్లోని అంజీర చెట్టుకు దుప్పట్లు కప్పుతాడు. కొమ్మలన్నింటినీ తాడుతో దగ్గరికి లాగి కట్టి, చుట్టూ పాత దుప్పట్లు చుట్టి, వాటి మీద తార్పాలిన్ బిగించి, లోపలికి మంచు దిగకుండా చెట్టు నెత్తిన ఒక బకెట్టు బోర్లిస్తాడు. పోయిన సంవత్సరం నవంబరులో తెల్లవారుజామున కిటికీలోంచి చూసి, ముసుగు కప్పుకొని ఎవరో మనిషి నిలబడ్డాడని అనుకున్నాను. మా బిడ్డను వెంటబెట్టుకొని వెళ్లి అడిగితే, ఆ చెట్టు తన తాత ఇటలీలోని సిసిలీ దీవి నుంచి తెచ్చి నాటిన కొమ్మకు పిలక అనీ, తాత పోయి యాభై ఏళ్లు దాటినా ఏ చలికాలమూ దాన్ని ఒట్టిగా వదిలిపెట్టలేదనీ చెప్పాడు. అదే వారంలో మా బిడ్డ కూడా తన కరివేపాకు కుండీని వరండాలో నుంచి వంటింట్లోకి తెచ్చి పెట్టుకున్నది.

ఆయన మమ్మల్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టి, అద్దం కట్టించి గోడకు వేలాడదీసిన ఒక కాగితం చూపించాడు. అది తన తాత వచ్చిన ఓడ చిట్టాలోని ఒక పుటకు నకలు. ముప్పై మంది పేర్ల మధ్య ఒక వరుసలో ఆ తాత పేరు, వయసు, ఊరు, చేసే పని ఉన్నాయి. చదువు వచ్చునా అన్న గడిలో రాదని ఉంది. టికెట్టు డబ్బు ఎవరు కట్టారు, చేతిలో ఎంత ఉంది, ఎవరి దగ్గరికి వెళ్తున్నాడు అన్న గడులు కూడా నిండి ఉన్నాయి. తరువాత ఆయన నన్ను, మీ నాన్న ఏం చేసేవాడు అని అడిగాడు. కోస్గి దగ్గరి పల్లె నుంచి బొంబాయికి పోయి మట్టి పని చేసేవాడని చెప్పాను. ఏ సంవత్సరంలో పోయాడు, ఆ కాగితం మీ దగ్గర ఉన్నదా అని ఎంతో ఆసక్తిగా అడిగాడు. ముప్పై మూడేళ్లు పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పిన నా దగ్గర దానికి జవాబు లేకపోయింది. మా నాయన పేరు రాసి ఉన్న పుస్తకం ఈ లోకంలో ఒక్కటే ఉండేది, అది మేస్త్రీ పుస్తకం. 1972 కరువులో తీసుకున్న మూడు వందల రూపాయల అడ్వాన్సు అందులో ఆయన పేరు పక్కన ఉండేది. మేస్త్రీ చనిపోయాక ఆ పుస్తకం ఏమైందో ఎవరికీ తెలియదు.

ఆనాటి నుంచి సిసిలీ గురించి దొరికినదంతా చదివాను. చదివిన కొద్దీ అది పరాయి దేశపు కథ అనిపించలేదు. 1860 మే నెలలో, ఇటలీని ఒక్కటి చేయడానికి పోరాడిన గారిబాల్ది తన సేనతో మార్సాలా రేవులో దిగినప్పుడు అక్కడి రైతుకూలీలు తమకు భూమి దొరుకుతుందని ఆశపడ్డారు. మరుసటి ఏడాది ఇటలీ ఒకే రాజ్యమైంది గాని, వారికి దక్కినవి నిర్బంధ సైనిక సేవ, 1869 నుంచి పిండి మర మీద వేసిన పన్ను. పెద్ద పెద్ద జాగీర్ల యజమానులు పలెర్మో నగరంలో హాయిగా ఉంటూ భూములను గబెల్లోతో అనే మధ్యవర్తికి గుత్తకు ఇచ్చేవారు. అతడు వాటిని ముక్కలు చేసి, ఎక్కువ కౌలుకు రైతులకు ఇచ్చేవాడు. మన నిజాం రాజ్యంలోని ఇజారాదారును తెలిసినవారికి ఈ మనిషిని వేరే వర్ణించనక్కరలేదు. 1891 నుంచి రైతులు, గని కూలీలు ఫాషి అనే సంఘాలుగా ఏర్పడి కౌలు తగ్గించాలని, కూలి పెంచాలని పోరాడారు. స్వయంగా సిసిలీలో పుట్టిన ప్రధానమంత్రి క్రిస్పి 1894 జనవరిలో సైన్యాన్ని పంపి, సైనిక శాసనం విధించి వాటిని అణచివేశాడు. అదే కాలంలో ద్రాక్షతోటల వేళ్లను తినే పురుగు పడి తోటలు నాశనమయ్యాయి. పక్కనున్న నల్లగొండ జిల్లాలో సంఘం రోజులను, అంటే తెలంగాణ రైతాంగ పోరాటాన్ని, కళ్లతో చూసిన పెద్దల మాటలు విని పెరిగిన వాణ్ణి గనుక, పోరాటం అణగిపోయిన పల్లెలో మిగిలిన మనిషికి ఏ దారి కనిపిస్తుందో నేను ఊహించగలను.

గంధకపు గనుల సంగతి మాత్రం చదువుతూ పుస్తకం మూసేసి బయట తిరిగి వచ్చాను. అక్కడ గని పనివాడు ఒక పేద కుటుంబానికి కొంత సొమ్ము ముందుగా ఇచ్చి వారి పిల్లవాణ్ణి పనికి తీసుకునేవాడు. ఆ సొమ్ముకు వాళ్లు పెట్టుకున్న పేరు సొక్కోర్సో మోర్తో, అంటే చచ్చిన సాయం. ఆ బాకీ తీరేదాకా పిల్లవాడు అతనికి కట్టుబడి ఉండాలి, తీరడమనేది ఎన్నేళ్లకో. కరూసి అని పిలిచే ఆ పిల్లలు చీకటి సొరంగాల్లోని నిటారు మెట్ల మీదుగా, లోపలి వేడికి ఒంటి మీద బట్ట లేకుండా, గంధకపు రాళ్లను వీపు మీద మోసి పైకి చేర్చేవారు. లేత ఎముకల మీద ఆ బరువు పడి చాలామంది వంకరపోయి ఎదిగారు. బానిసగా పుట్టి అమెరికాలో నల్లవారి నాయకుడైన బుకర్ టి. వాషింగ్టన్ 1910లో ఈ గనులకు వెళ్లి, తాను చూసిన ఘోరాన్ని వివరంగా రాశాడు. జీతం అన్న మాటకు మా పాలమూరులో ఉన్న పాత అర్థం నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది. నాతో మూడో తరగతి చదివిన ఒక పిల్లవాణ్ణి వాళ్ల నాయన చేసిన బాకీ కింద పటేలు ఇంట్లో పసుల కాడ జీతం పెట్టారు. నేను బడికి పోయే దారిలోనే అతడు పశువులను తోలుకొని ఎదురయ్యేవాడు, మొదట్లో పలకరించుకునేవాళ్లం, తరువాత అతనే తల వంచుకొని పోయేవాడు.

1880 నుంచి 1920 దాకా ఇటలీ నుంచి అమెరికాకు నలభై లక్షలకు పైగా వెళ్లారు, వారిలో ఎక్కువమంది దక్షిణ ఇటలీ, సిసిలీల వాళ్లే. నాలుగు డబ్బులు కూడబెట్టుకొని తిరిగి వద్దామనే చాలామంది బయలుదేరారు, నిజంగానే లక్షలమంది తిరిగి వచ్చారు. వారికి పని ఇప్పించి, కూలిలో వాటా కోసుకునే పద్రోనే అనే వాడికి మన మాటల్లో మేస్త్రీ అన్నదే సరైన పేరు. న్యూయార్క్‌లోని ఎలిజబెత్ వీధిలో ఒక్కొక్క ఊరివాళ్లు ఒక్కొక్క చోట గుంపుగా ఇళ్లు తీసుకున్నారు. బొంబాయిలో తెలంగాణ నుంచి పోయిన కామాఠీల పేరుతో కామాఠిపుర వెలసినట్టే న్యూ ఆర్లియన్స్‌లోని ఒక పేటకు చిన్న పలెర్మో అనే పేరు వచ్చింది, ఎందుకంటే లూసియానా చెరకు తోటల్లో కోతలకు పలెర్మో నుంచి ఓడలు నేరుగా అక్కడికే వచ్చేవి. ఆ నగరంలోనే 1891 మార్చి 14న, పోలీసు అధిపతి హత్య కేసులో కోర్టు దోషులుగా తేల్చని ఇటలీవాళ్లు పదకొండు మందిని జైలు మీద పడిన గుంపు చంపింది. నగర మేయరు అందుకు క్షమాపణ చెప్పడానికి 2019 దాకా పట్టింది.

ఇంత పెద్ద సంఖ్యల మధ్య నాకు ఒక మనిషి ముఖం కావలసి వచ్చింది. ఆ ముఖం జుసెప్పె డిమాజియోది. ఆయన కొడుకు జో డిమాజియో పేరు అమెరికాలో తెలియనివారు ఉండరు, మనకు క్రికెట్ ఎట్లాగో వాళ్లకు బేస్‌బాల్ అట్లాగ. కానీ నా మనసు ఆ కొడుకు మీద కంటే తండ్రి మీద, అంతకంటే ఎక్కువగా తల్లి మీద నిలిచింది. జుసెప్పె పలెర్మో పక్కన ఇసోలా దెల్లె ఫెమ్మినె అనే చిన్న ఊరిలో చేపలు పట్టేవాడు. ముందే కాలిఫోర్నియా చేరిన, పిల్లనిచ్చిన మామ, ఇక్కడ బతుకు మెరుగ్గా ఉందని ఉత్తరం రాయగా, 1898లో భార్య రొజాలియాను ఊరిలోనే విడిచి బయలుదేరాడు. అప్పుడామె గర్భవతి. ఆయన అమెరికాలో ఈ కొస నుంచి ఆ కొస దాకా కూలి చేసుకుంటూ పోయి, చివరకు మామ ఉన్న చోటికి చేరుకొని, భార్యాబిడ్డలకు టికెట్టు పంపేంత డబ్బు సమకూర్చుకోవడానికి నాలుగేళ్లు పట్టింది. పుట్టిన కూతురిని ఆయన మొదటిసారి చూసింది అప్పుడే.

ఆ నాలుగేళ్ల గురించి ఎక్కడా ఒక్క వాక్యం కంటే ఎక్కువ రాయలేదు. ఆ ఊరిలో రొజాలియా ఏమి తిన్నది, ఎవరి దగ్గర చేబదులు తీసుకున్నది, నీ మొగుడు అక్కడ ఇంకొకతెను చేసుకున్నాడని అన్నవారికి ఏమని జవాబిచ్చింది? ఇటలీలో ఇలా మిగిలిపోయిన ఆడవాళ్లను తెల్ల వితంతువులు అనేవారట. మా నాయన బొంబాయి పోయినప్పుడు మా అమ్మ కడుపుతో ఉన్నది. మా చెల్లెను ఆయన ఏడు నెలల పిల్లగా, పీర్ల పండుగకు వచ్చినప్పుడు మొదటిసారి ఎత్తుకున్నాడు. అది కొత్త ముఖం చూసి ఏడిస్తే ఆయన వెంటనే అమ్మకు ఇచ్చేసి బయటికి వెళ్లిపోయాడు. అప్పుడు నాకు పదేళ్లు, ఆయన ఎందుకు బయటికి పోయాడో తెలియదు.

జుసెప్పె, రొజాలియాలకు తొమ్మిది మంది పిల్లలు. ఎనిమిదో వాడైన జో 1914లో మార్టినెజ్ అనే ఊరిలో పుట్టాక కుటుంబం శాన్ ఫ్రాన్సిస్కో చేరింది. కొడుకులందరూ తన వెంట పడవ ఎక్కాలని తండ్రి కోరిక. జోకు చేపల వాసన గిట్టక తప్పించుకు తిరిగితే, ఆటలాడే సోమరి అని తిట్టేవాడు. చివరకు విన్సెంట్, జో, డొమినిక్ అనే ముగ్గురూ పేరున్న ఆటగాళ్లయ్యారు. 1941 వేసవిలో జో వరుసగా 56 ఆటల్లో బంతిని కొట్టి నెలకొల్పిన రికార్డును ఈనాటికీ ఎవరూ దాటలేదు. ఆ డిసెంబరులోనే అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగింది, ఇటలీ ఎదుటి పక్షంలో ఉన్నది. పౌరసత్వం తీసుకోని ఇటలీవాళ్లు దాదాపు ఆరు లక్షల మంది ఒక్కసారిగా శత్రుదేశస్థులుగా నమోదు కావలసి వచ్చింది. ఫొటో అంటించిన చిన్న పుస్తకం వెంట ఉంచుకోవాలి, అనుమతి లేకుండా ఇంటి నుంచి ఐదు మైళ్లు దాటి పోకూడదు. నలభై నాలుగేళ్లుగా అమెరికాలోనే చెమటోడ్చిన జుసెప్పెను ఆయన జీవితమంతా పడవ కట్టిన రేవులోకి అడుగు పెట్టవద్దన్నారు. దేశమంతా కొడుకు పేరు జపిస్తున్న రోజుల్లోనే తండ్రికి ఈ మాట వినిపించింది. పౌరసత్వానికి ఇంగ్లిష్ మాట్లాడడం వచ్చి ఉండాలని 1906 నుంచి చట్టం ఉన్నది. అక్షరం రాని, ఇంట్లో సిసిలీ భాష తప్ప మరొకటి మాట్లాడని ముసలి దంపతులు ఆ గడప దాటడానికి ఎంత జంకి ఉంటారో, బ్యాంకులో వేలిముద్ర వేయడానికి మా నాయన వెనుకాడడం చూసిన నాకు తెలుసు. 1942 అక్టోబరులో ప్రభుత్వం ఇటలీవాళ్ల మీది ఆ ముద్ర తొలగించింది. రొజాలియా 1944లో, జుసెప్పె 1945లో పౌరులయ్యారు. ఆయన 1949లో కన్నుమూశాడు.

ఒకప్పుడు ఓడల్లో వచ్చిన వలసవాళ్లను తనిఖీ చేసి లోపలికి వదిలిన ఎల్లిస్ దీవికి మా బిడ్డ నన్ను జెర్సీ సిటీ నుంచి పడవ మీద తీసుకుపోయింది. 1892లో తెరిచిన మొదటి కట్టెల భవనం 1897లో కాలిపోయి, 1855 నుంచి దాచిన వలసల రికార్డులు చాలావరకు బూడిదయ్యాయి. ఇప్పుడు చూసే ఇటుక భవనాన్ని 1900 డిసెంబరులో తెరిచారు, కనుక జుసెప్పె ఎక్కిన మెట్లు ఇవి కావు. పై అంతస్తులోని పెద్ద హాలులో నిలబడితే, 1907 ఏప్రిల్‌లో ఒక్క రోజే పదకొండు వేలకు పైగా మనుషులు ఇక్కడి నుంచి లోపలికి పోయారన్న సంగతి ఆ ఖాళీలో ఎక్కువ బరువుగా తోచింది. మెట్లెక్కుతుండగానే డాక్టర్లు ఆయాసపడేవారిని కనిపెట్టి, కోటు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టేవారు. వెనక్కి పంపించినవారు నూటికి ఇద్దరే అయినా, ఆ ఇద్దరిలో ఒక తల్లో, ఒక కొడుకో ఉంటే కుటుంబం అక్కడే రెండుగా చీలేది. పేర్లను అక్కడి అధికారులు మార్చేశారని చాలామంది అనుకుంటారు గాని అది నిజం కాదు, ఓడ ఎక్కిన రేవులోనే రాసిన చిట్టాను చూసి వారు ప్రశ్నలు అడిగేవారు.

1924లో అమెరికా వలసల మీద చట్టం చేసి ఇటలీకి ఏడాదికి 3,845 మందిని మాత్రమే కోటాగా ఇచ్చారు. అదే చట్టం మన దేశం నుంచి వెళ్లేవారికి తలుపు పూర్తిగా మూసింది. 1965లో కొత్త చట్టం రావడం వల్లనే సిసిలీ మనవడి పక్కింట్లో పాలమూరు బిడ్డ కరివేపాకు కుండీ పెట్టుకోగలిగింది.

ఊరికి తిరిగి వచ్చాక రెండు వందల పేజీల నోటుబుక్కు కొని, ఆ చిట్టాలో చూసిన గడులే గీశాను. పేరు, వయసు, చదువు, ఖర్చు ఎవరు పెట్టారు, చేతిలో ఎంత, ఎవరి దగ్గరికి. ఎనభై దాటిన మా అమ్మ అరుగు మీద కూర్చొని ఉండగా మొదటి వరుసలో మా నాయన పేరు రాసి, పోయిననాడు చేతిలో ఎంత ఉన్నదమ్మా అని అడిగాను.

"చేతిల ఏముంటది బిడ్డా? మూడు నూర్లల్ల రెండు నూర్లు సావుకారికే పాయె. మిగిలింది నాకిచ్చిండు. జొన్నరొట్టెలు మూటగట్టిచ్చిన, గంతే."

ఆ గడిలో జొన్నరొట్టెలు అని రాసుకొని, ఎవరి దగ్గరికి పోయిండు అని అడిగాను.

"ఎవరున్నరు ఆడ? మన వాడకట్టుల మీ నాయిననే ముందు పోయింది. ఆయన దగ్గరికే అందరు పోయిండ్రు" అని, ఆమె కళ్లు మూసుకొని ఒక్కొక్కరి పేరూ, వాళ్ల ఇంటి గుర్తూ చెప్పడం మొదలుపెట్టింది. దీపాలు పెట్టే వేళకు పదకొండు వరుసలు నిండాయి.