ఫ్రిట్జ్‌తో రెండు ఆటలకు రెండు నెలల సాధన: నా అనుభవం

2006 డిసెంబర్‌లో మా ఊరి కాలేజీ వాళ్లు కబురు చేశారు. ఫిబ్రవరిలో వాళ్ల ఫెస్ట్‌లో కంప్యూటర్‌తో రెండు ఆటలు ఆడాలట. అప్పుడు నేను జిల్లా చెస్ ఛాంపియన్‌ని. సరే అన్నాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అదే నెల మొదట్లో, జర్మనీలోని బాన్‌లో, ప్రపంచ ఛాంపియన్ క్రామ్నిక్ అంతటివాడు డీప్ ఫ్రిట్జ్ అనే చెస్ ప్రోగ్రామ్ చేతిలో 4-2తో ఓడిపోయాడు మరి.

ఒక్క షరతు పెట్టాను. నాతో ఆడబోయే ప్రోగ్రామ్‌ను ముందుగా నా చేతికివ్వాలి. 1997లో న్యూయార్క్‌లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌కు ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూ ఆటలు ముందుగా చూసే వీలు దొరకలేదు, 3.5-2.5తో ఓడాడు. 2002లో డీప్ ఫ్రిట్జ్‌తోనే ఆడటానికి బహ్రెయిన్‌కు వెళ్లేముందు క్రామ్నిక్ ఆ ప్రోగ్రామ్‌ను దగ్గర పెట్టుకుని సాధన చేశాడు, 4-4తో సమం చేశాడు. కాలేజీ వాళ్లు ఫ్రిట్జ్ 8 సీడీ పంపారు.

మొదటి పది రోజులూ నా అలవాటు ఆటే ఆడాను. గుర్రాన్ని బలిచ్చి రాజు మీదికి దూకడం, ఎర వేసి కాచుకోవడం. మనిషైతే అలాంటి చోట తడబడతాడు, గడియారం చూసుకుంటాడు, టెన్షన్‌లో తప్పు చేస్తాడు. దానికి అవేమీ లేవు. నేనిచ్చిన గుర్రాన్ని తినేసి, వచ్చిన దాడినంతా లెక్క కట్టి తిప్పికొట్టేది. వరసగా ఇరవై మూడు ఆటలు పోయాయి.

ఆ ఆటలన్నీ మా మాస్టారికి చూపించాను. ఆయన అన్నీ ఓపిగ్గా చూసి, "ఒరేయ్, దాంతో కత్తి తిప్పకు. గోడ కట్టు" అన్నారు.

ఆ గోడే స్టోన్‌వాల్, ఆట మొదట్లో బంట్లను పేర్చే ఒక పద్ధతి. తెల్ల బంట్లు డీ4, ఈ3, ఎఫ్4, సీ3 గడుల్లో మెట్లలా నిలబడతాయి, ఈ5లో గుర్రం కూర్చుంటుంది. నల్ల బంటు సీ4 దాకా వచ్చిందంటే మధ్యలో తలుపులు మూసుకున్నట్టే. ఇక లెక్కపెట్టడానికి దానికి పెద్దగా ఏమీ మిగలదు. ఏనుగును పక్క గడిలోకి జరుపుతుంది, మళ్లీ వెనక్కి తెస్తుంది. ఈలోగా మనం రాజు వైపు తీరిగ్గా బలగం చేర్చుకోవచ్చు. అప్పటి ప్రోగ్రాములు కొన్ని ఎత్తుల దూరమే చూడగలిగేవి. పదిహేను ఎత్తుల తర్వాత రాబోయే దాడి వాటి కంటికి ఆనేది కాదు. 2003లో కాస్పరోవ్ ఫ్రిట్జ్‌లోనే మరో రకమైన ఎక్స్3డీ ఫ్రిట్జ్ మీద గెలిచిన ఆట ఇలాంటిదే, బోర్డంతా బిగుసుకుపోయి ఉంటుంది. ఆ ఆటను రోజూ పొద్దున్నే ఒకసారి బోర్డు మీద ఆడుకునేవాణ్ణి.

నల్ల పావులతో ఆడేటప్పటికి బెర్లిన్ డిఫెన్స్ అనే ఆరంభం ఎంచుకున్నాను. క్రామ్నిక్ బహ్రెయిన్‌లో ఆడినదే. ఎనిమిదో ఎత్తుకే మంత్రులు రెండూ బోర్డు దిగిపోతాయి. మంత్రి ఉంటే కంప్యూటర్‌కు పది చేతులున్నట్టు.

అన్నిటికన్నా కష్టమైంది చేతిని అదుపులో పెట్టడం. బాన్‌లో రెండో ఆటలో క్రామ్నిక్ ఒక్క ఎత్తులో పడే చెక్‌మేట్‌ను చూసుకోలేదు. అది చదివిన రోజు నుంచి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. ఎదుటి పక్షం ఇవ్వగలిగే చెక్‌లన్నీ మనసులో చూసుకున్నాకే చెయ్యి బయటికి తీయాలి. మొదటి వారం విసుగు పుట్టింది. సంక్రాంతి వెళ్లేసరికి అలవాటైంది. అప్పటికి ఇంట్లో ఏడు డ్రాలు, ఒక గెలుపు.

మొదటి ఆట తెల్ల పావులతో. ఒక విద్యార్థి స్క్రీన్ చూస్తూ దాని ఎత్తులు నా బోర్డు మీద వేస్తున్నాడు. గోడ నిలబడింది. దాడి చేయడానికి సందు దొరకలేదు గానీ యాభై రెండో ఎత్తుకు డ్రా అయింది. హాల్లో చప్పట్లు కొట్టారు. మాస్టారు మాత్రం, "మధ్యాహ్నం ఆట ఉంది, ముందు అన్నం తిను" అన్నారు.

నల్ల పావులతో ఆడిన రెండో ఆటలో ముప్పై తొమ్మిదో ఎత్తు దాకా సమానంగా ఉన్నాను. అరగంటగా బోర్డు మీద ఏమీ జరగడం లేదు. ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. చెయ్యి బయటికి తీసి జీ వరసలోని బంటును ముందుకు తోశాను. దానికి కావలసిన దారి అక్కడ తెరుచుకుంది. ఇంకో ఇరవై ఎత్తులకు లేచి నిలబడి ఓటమి ఒప్పుకున్నాను.

ఆ రాత్రి ఇంటికొచ్చి అదే పొజిషన్ పెట్టాను. ఈసారి ఆ బంటును ముట్టుకోలేదు, రాజును మాత్రం అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను. రెండున్నరకు డ్రా అయింది.