అక్క గృహహింస కేసు, మధ్యలో నలిగిన పిల్లాడు: నా అనుభవం

మా అక్కకి నిన్న కోర్టులో రక్షణ ఉత్తర్వు వచ్చింది. మధ్యంతరమే అయినా, బావ ఇక తన జోలికి రాకూడదు. ఆ సంతోషంలోనే రాస్తున్నా.

మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయడం తేలికే. హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే ప్రభుత్వ సఖి కేంద్రంలో మర్యాదగా మాట్లాడారు, రక్షణాధికారి నివేదిక రాశారు. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది, అదీ అయింది.

మా ప్రాణాలు తీసింది మాత్రం కౌన్సెలింగ్. కోర్టులో వాయిదాలు నడుస్తుండగానే బావ తరఫు పెద్దమనుషులు పోలీస్ స్టేషన్లో పెట్టించారు. పదో తరగతి చదివే మా అక్క కొడుకుని కూడా రప్పించి, తండ్రి ఎదురుగానే కూర్చోబెట్టి, "నీకు అమ్మ కావాలా, నాన్న కావాలా?" అని అడిగింది కౌన్సెలింగ్ చేసే మేడం. వాడు టేబుల్ అంచున ఊడిపోతున్న స్టిక్కర్‌ని గోరుతో గీకుతూ ఉండిపోయాడు. "పిల్లల మీద చెయ్యి చేసుకోలేదు కదమ్మా, వాళ్ల కోసమైనా సర్దుకుపో" అని మా అక్కకి నీతులు!

వాళ్ల కోసమే కదా మేం వచ్చింది! బండి స్టాండు వేసే చప్పుడుని బట్టి నాన్న ఎలా వచ్చాడో చెప్పేస్తాడు వాడు, గట్టిగా వినబడితే చెల్లెల్ని తీసుకుని డాబా ఎక్కేస్తాడు. రాత్రంతా చెవులు గేటు వైపే ఉంటే ఇక చదువు ఎలా ఎక్కుతుంది? లెక్కల్లో ముందుండేవాడు ఫెయిలైతే, స్కూల్లో ఫోన్ పిచ్చి అన్నారు. మొన్న చెల్లెలి మీద చెయ్యెత్తి, తన చెయ్యి తనే చూసుకుని, బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు.

"ఆ ప్రశ్న వాణ్ణి అడక్కండి మేడం" అని లేచి, వాణ్ణి బయటికి తీసుకొచ్చేశాను. అంతమంది మగవాళ్ల మధ్య నోరు విప్పింది నేనొక్కదాన్నే, గర్వంగానే చెప్పుకుంటా. పిల్లల ముందు పంచాయితీ పెట్టే పెద్దరికం ఎవరికీ వద్దు.

మీరెవరైనా ఇందులో ఉంటే స్టేషన్ చుట్టూ తిరగకండి. 2005 గృహహింస చట్టం 12వ సెక్షన్ కింద నేరుగా మేజిస్ట్రేట్ కోర్టులో అర్జీ వేయొచ్చు. మామూలుగా 3 రోజుల్లో మొదటి వాయిదా ఇవ్వాలని అందులో ఉంది, మాకైతే చాలా ఆలస్యమైంది. పిల్లల తాత్కాలిక కస్టడీ కూడా అదే అర్జీలో అడగండి, 21వ సెక్షన్. పిల్లలు మీతో మాట్లాడకపోతే మానసిక సాయానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు. మా వాడు డాబా మీద నుంచి చాలాసేపు మాట్లాడాడు, ఏం మాట్లాడాడో మేం అడగలేదు.

స్కూల్లో చెప్పడానికి అక్క ఇంకా జంకుతోంది. సోమవారం హెడ్‌మాస్టర్‌ని నేనే కలుస్తున్నా.