ట్రైనింగ్ సులువే, రిలీవ్ అవడమే గండం: ఒక సోషల్ టీచర్ అనుభవం

మాదాపూర్‌లోని సీసీఆర్‌టీ ప్రాంతీయ కేంద్రంలో ట్రైనింగ్ ముగించుకుని మొన్ననే వచ్చాను. తోటి సోషల్ టీచర్లు ఫోన్లు చేసి "మేడమ్, ఎలా వెళ్లారు?" అని ఒకటే అడగడం. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేదు. కోపం చల్లారితే సగం విషయాలు మర్యాద కోసం మింగేస్తాను కాబట్టి ఇప్పుడే రాస్తున్నా.

సీసీఆర్‌టీ అంటే సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం. 1979లో మొదలైంది. కేంద్ర సాంస్కృతిక శాఖ కింద పనిచేస్తుంది, ప్రధాన కార్యాలయం ఢిల్లీలో ఉంది. సర్వీసులో ఉన్న టీచర్లకు మన కళలు, కట్టడాలు, చేతిపనులను పాఠంలోకి ఎలా తేవాలో నేర్పుతారు. సోషల్ వాళ్లకే అని లేదు, అన్ని సబ్జెక్టుల వాళ్లూ వెళ్లొచ్చు. ఫారం నింపాను, హెచ్‌ఎం గారు సంతకం పెట్టారు, కొన్నాళ్లకు జాబితాలో పేరొచ్చింది. ఇక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బందంతా రిలీవ్ ఆర్డర్, అంటే బడి పని నుంచి విడుదల చేసి ట్రైనింగ్‌కు పంపే కాగితం దగ్గర మొదలైంది. ఏ ఆఫీసో చెప్పను, మీకూ అలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. సెక్షన్‌లో ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, "సోషల్‌లో ఏముందమ్మా, పుస్తకం చదివించడమేగా? దానికీ ట్రైనింగా?" అన్నారు. తర్వాత కింద పేరా చూసి, "తోలుబొమ్మలాట! రేపట్నుంచి బడిలో బొమ్మలాడిస్తారా మేడమ్?" అని గది మొత్తానికి వినపడేలా అన్నారు. అందరూ నవ్వారు. ఏదో బిల్లు పని మీద వచ్చిన మా మ్యాథ్స్ మాస్టారు కూడా నవ్వారు. అది గుర్తుపెట్టుకున్నాను.

ఇన్నేళ్ల సర్వీసులో అంత చిన్నబోయిన సందర్భం లేదు. పదో తరగతి పిల్లల ముందు గొంతు వణకని దాన్ని, అక్కడ మాత్రం నోరు పెగల్లేదు.

ఆ తర్వాత మామూలే. మొదట ఇన్‌వర్డ్ నంబరు, అంటే ఆఫీసుకు వచ్చిన కాగితం మీద వేసే నంబరు లేదన్నారు. నంబరు వేయించుకొస్తే సార్ మీటింగ్‌లో ఉన్నారన్నారు. సార్ వచ్చాక, మీ క్లాసులు ఎవరు తీసుకుంటారో రాసివ్వమన్నారు. రాసిస్తే దాని మీద హెచ్‌ఎం స్టాంపు లేదన్నారు. చివరికి "ఎందుకమ్మా ఇదంతా, సీఎల్ పెట్టుకుని వెళ్లిపోండి" అని ఉచిత సలహా. ప్రభుత్వం పిలిచిన ట్రైనింగ్‌కు నా సీఎల్‌లు, అంటే సొంత పనులకు దాచుకున్న సెలవులు నేను కాల్చుకోవాలట!

ఆ మధ్యలోనే ఓటర్ల జాబితా పని ఆర్డర్ వచ్చింది. దానికి ఇన్‌వర్డ్ నంబరు అడిగినవాళ్లు లేరు, నా క్లాసులు ఎవరు చూస్తారో అడిగినవాళ్లూ లేరు. రాత్రి వాట్సాప్‌లో వచ్చింది, పొద్దున్నే హాజరవ్వాలి. 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సాయం, ఎన్నికల పనులకు మినహాయింపు ఇచ్చింది, కాదనను. కానీ 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి నైపుణ్యం పెంచుకునే శిక్షణ పొందాలని కూడా చెప్పిందిగా! అది ఏ ఆఫీసు గోడ మీదా కనపడదు.

ఆ కోపంలోనే ఒక ఉత్తరం రాశాను. ఆ 50 గంటల మాట రాశాను. ఉమ్మడి సంస్కృతి వారసత్వాన్ని కాపాడడం పౌరుల విధి అని చెప్పే రాజ్యాంగంలోని 51ఏ అధికరణం రాశాను. అది నేను ఏటా చెప్పే పాఠమే. చివర ఒక్క వాక్యం: "నన్ను పంపలేకపోతే కారణం రాతపూర్వకంగా ఇప్పించగలరు." ఉత్తరం ఇచ్చి, రసీదు మీద సంతకం తీసుకున్నాను. ఆ మధ్యాహ్నమే రిలీవ్ ఆర్డర్ టైపయింది. రాసిమ్మంటే ఎవరూ రాసివ్వరు. ఇంతకన్నా పనికొచ్చే సలహా నా దగ్గర లేదు.

ఆర్డర్ చేతికి రాగానే సంబరపడి వచ్చేయకండి. ట్రైనింగ్ రోజుల్ని ఓడీగా, అంటే డ్యూటీలో ఉన్నట్టుగా పరిగణించాలని అందులో ఉందో లేదో చదవండి. నాకిచ్చిన దాంట్లో లేదు. అక్కడే నిలబడి మళ్లీ టైపు చేయించాను. ఆయన మొహం చూడాల్సింది.

ట్రైనింగ్ సంగతంటారా, బస అక్కడే, తిండికి లోటు లేదు. వేరే రాష్ట్రాల టీచర్లతో పాటు తోలుబొమ్మ కత్తిరించాను, బంకమట్టి పిసికాను. గోల్కొండకు తీసుకెళ్లారు. పాఠ్యపుస్తకంలో నాలుగు వాక్యాల్లో అయిపోయే కోట అది. కోట ద్వారం ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కొండ పైనున్న బాలా హిస్సార్ దాకా వినిపిస్తాయని ఎన్నిసార్లు చెప్పానో, వినడం ఇదే మొదలు. కాల్చిన మట్టి గొట్టాల ముక్కలు చూసి, అంత ఎత్తుకు నీళ్లు ఎలా ఎక్కించారని మాలో మేమే వాదించుకున్నాం. ఇప్పుడు ఎనిమిదో తరగతిలో పాఠం ఆ ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాను. పిల్లలు రాజుల పేర్లు మర్చిపోతారేమోగానీ నీళ్ల సంగతి మర్చిపోరు.

మ్యాథ్స్ మాస్టారు నిన్న మెల్లగా వచ్చి, మాకూ ఛాన్స్ ఉంటుందా మేడమ్ అన్నారు. ఉంటుంది, ఆ సెక్షన్‌లోనే అడగండి అన్నాను.

పిల్లల కోసం ఒక ముక్క. సీసీఆర్‌టీ కల్చరల్ టాలెంట్ సెర్చ్ స్కాలర్‌షిప్ 1982 నుంచి ఉంది. 10 నుంచి 14 ఏళ్ల వాళ్లకు. సంప్రదాయ కళనే నమ్ముకున్న కుటుంబాల పిల్లలకూ ఇందులో చోటుంది. మా ఏడో తరగతిలో చిందు యక్షగానం ఆడే ఇంటి పిల్ల ఉంది, పదమూడో ఏడు నడుస్తోంది. ఇన్నాళ్లూ బళ్లో ఆ మాట చెప్పడానికి సిగ్గుపడేది. ఈసారి ప్రకటన పడగానే తన దరఖాస్తు వెళ్లాలి. పుట్టినతేదీ సర్టిఫికెట్ తెమ్మని నిన్ననే కబురు పంపాను. ఈలోగా దానికి పద్నాలుగు దాటకూడదు, అదొక్కటే నా కంగారు.