ఇరుంగాట్టుకోట్టైలో బ్రేకు తొక్కడం నేర్చుకున్నాను

నెల్లూరు నుంచి చెన్నై పోయే రోడ్డు గురించి మనవాళ్ళకి కొత్తగా చెప్పేదేం లేదు. వెంకటాచలం, బూదనం, సూళ్లూరుపేట, నల్లూరు... నాలుగుచోట్ల టోలు. ప్రతి గేటు దాటగానే ఫోన్లో డబ్బులు కోసిన మెసేజి. పోనూ రానూ ఇంత కడుతున్నా మనుబోలు దగ్గర డివైడరు గండ్లు పూడ్చేవాళ్ళు లేరు. పోయిన నవంబరులో అలాంటి ఒక గండిలోంచే గేదెలు నా కారుకి అడ్డం వచ్చాయి.

వాన పడుతోంది. వెనక సీట్లో పాప నిద్రపోతోంది. బ్రేకు గట్టిగా తొక్కాను. పెడల్ కాలి కింద టకటకా ఎదురు తన్నింది. ఏదో విరిగిందనుకుని కాలు తీసేశాను. కారు డివైడరుని రాసుకుంటూ పోయి ఆగింది. పాపకీ ఏం కాలేదు, గేదెలకీ ఏం కాలేదు. కానీ ఆ తర్వాత రెండు నెలలు గూడూరు కాలేజీకి రైల్లోనే వెళ్ళాను.

నాకు కారు నేర్పింది నాన్న. ముప్పై ఏళ్ళు లారీ తోలాడు, కలకత్తా దాకా. "వానలో బ్రేకు మీద నిలబడబాక. తొక్కి వదులు, తొక్కి వదులు" అనేవాడు. ఆ లారీలకి అది నూటికి నూరుపాళ్ళు నిజం. బ్రేకు పూర్తిగా పట్టేస్తే చక్రం తిరగడం మానేసి జారుతుంది, జారే చక్రం స్టీరింగ్ మాట వినదు. మరి నా కారులో ఏం జరిగింది? మెకానిక్‌ని అడిగితే బ్రేకులు బాగానే ఉన్నాయన్నాడు. అంటే తప్పు కాలిది. కాలికి నేర్పేవాళ్ళు కావాలి.

మామూలు డ్రైవింగ్ స్కూళ్ళు లైసెన్సు చేతికొచ్చేదాకే నేర్పుతాయి. ఆ పైన నేర్పేవి ఎక్కువగా రేసు ట్రాకుల దగ్గరే నడుస్తాయి. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది, గ్రేటర్ నోయిడాలో బుద్ధ సర్క్యూట్ ఉంది. మనకి దగ్గరిదంటే శ్రీపెరుంబుదూరుకి ఇవతల ఇరుంగాట్టుకోట్టైలో 1990లో మొదలైన ట్రాకే. ఈమధ్య దాన్ని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు.

నాలుగైదు చోట్లకి ఫోన్ చేశాను. ఒకచోట "సార్‌కి ఇవ్వండి మేడమ్, వివరాలు చెప్తాం" అన్నారు. నేర్చుకునేది నేనని రెండుసార్లు చెప్పినా అదే మాట. ఇంకొకచోట ల్యాప్ టైమింగ్, సర్టిఫికెట్, హెల్మెట్ పెట్టుకుని ఫొటో అని చెప్పుకుంటూ పోయారు. ఒక్కో శిక్షకుడి కింద ఎంతమంది ఉంటారని అడిగితే ఇరవై మంది అన్నారు. ఇరవై మందిలో నా కాలు ఎవరు చూస్తారు? తడి నేల మీద నేర్పుతారా అని అడిగితే చాలామంది దగ్గర జవాబు లేదు. చివరికి ఒక పెద్దాయన నా ప్రశ్నలన్నీ విని, తనే ఒకటి అడిగాడు. "ఏమైందమ్మా నీకు? బండి జారిందా?" తెలుగులోనే అడిగాడు. తాతల కాలం నుంచి మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబమట. ఒక్కో శిక్షకుడికి నలుగురు, రెండు రోజులు, నీ కారులోనే, ట్యాంకరుతో నీళ్ళు చల్లి చేయిస్తాం అన్నాడు. ఫీజు నా నెల జీతంలో దాదాపు సగం. మనసు బరువైన మాట నిజం. కానీ డివైడరు రాసుకున్న తలుపూ బంపరూ బాగు చేయించడానికి అంతకంటే ఎక్కువే అయింది.

శుక్రవారం సాయంత్రం బయల్దేరి, చెన్నై ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, నజరత్‌పేట దగ్గర బెంగళూరు రోడ్డు మీదికి దిగాను. శ్రీపెరుంబుదూరులో గది అద్దె రెండు వేల రెండొందలు. కిటికీ మూతపడదు, రాత్రంతా లారీల హారన్లే. ఆ గది సంగతి ఇంతకంటే వద్దు.

పొద్దున ట్రాకు దగ్గర పెద్దాయన మొదట నన్ను పట్టించుకోలేదు, నా కారు టైర్లని పట్టించుకున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని గాడిలో వేలు పెట్టి, అడుగున ఉన్న చిన్న దిమ్మెని గోటితో చూపించాడు. టైరు అరిగి ఆ దిమ్మెతో సమానమైతే 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు, ఇక మార్చాల్సిందే. నా ముందు టైర్లు దాదాపు అక్కడికి వచ్చేశాయి. నవంబరు వానలో కారు జారడానికి సగం కారణం అక్కడే కనబడింది నాకు. తర్వాత నా సీటు ముందుకు జరిపించాడు. వీపు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద ఆనాలి, బ్రేకు పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి. పదేళ్ళుగా బండి నడుపుతున్నాను, ఒక్కరూ ఈ మాట చెప్పలేదు.

ఇక నీళ్ళు చల్లిన చోటు. గంటకు 60లో వచ్చి, జెండా ఊపగానే బ్రేకు మొత్తం తొక్కి, ఎదురుగా ఉన్న కోన్ల వరుసని తప్పించి ఎడమకి పోవాలి. 60 అంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. జెండా ఊగింది. తొక్కాను. పెడల్ తన్నింది. కాలు దానంతటదే లేచింది. కోన్లు కారు కింద పడి కరకరమన్నాయి.

ఆయన పక్క కిటికీ దగ్గరకు వచ్చి, "కాలు కింద ఏమైంది?" అన్నాడు.

"తన్నింది సార్. భయమేసి తీసేశాను."

"ఆ తన్నేది నీ బండి పని చేస్తా ఉందని చెప్పడం. దాన్ని వదిలేస్తే ఎట్లా?"

అప్పుడు విడమరిచి చెప్పాడు. చక్రం పట్టేయబోతోందని తెలియగానే ఏబీఎస్, అంటే చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు, సెకనులో ఎన్నోసార్లు బ్రేకుని వదిలి పడుతుంది. పెడల్‌లో కొట్టుకునేది అదే. నాన్న కాలితో చేసిన పనినే అది ఇంకా వేగంగా, ఏ చక్రానికి ఆ చక్రానికి చేస్తోంది. నేను చేయాల్సిందల్లా కాలు ఎత్తకుండా ఉండడం, స్టీరింగ్ తిప్పడం. నాన్న మాట తప్పు కాదు, అది బండి లోపలికి చేరింది. ఎండలో నిలబడి ఈ మాట వింటుంటే నాకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి.

రెండోసారి కాలు ఉంచాను, కానీ చూపు కోన్ల మీదే ఉంది. నేరుగా వాటిలోకే పోయాను. "ఎటు పోవాలో అటు చూడమ్మా, దేన్ని కొట్టకూడదో దాన్ని చూడబాక" అన్నాడు. మూడోసారి పెడల్ తన్నుతూనే ఉంది, అరికాలు జివ్వుమంటోంది, ఎడమవైపు ఖాళీని మాత్రమే చూశాను. ముక్కు కిందికి వంగి కారు ఎడమకి తిరిగి ఆగింది. అద్దంలో చూస్తే కోన్లన్నీ నిలబడే ఉన్నాయి. ఆ మధ్యాహ్నం అలా పద్నాలుగు సార్లు చేశాను.

భోజనానికి డబ్బాల్లో సాంబారన్నం, పెరుగన్నం తెప్పించారు. తింటూ, ఏ దారిన వచ్చావని అడిగాడాయన. ఔటర్ ఎక్కానంటే, తిరిగి పోయేటప్పుడు రెడ్ హిల్స్ మీదుగా షోలవరం చూసిపొమ్మన్నాడు. ఇరుంగాట్టుకోట్టై ట్రాకు రాకముందు మద్రాసు రేసులు షోలవరంలోనే జరిగేవి, రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే మీద. చిన్నప్పుడు వాళ్ళ నాన్న సైకిల్ మీద తీసుకెళ్ళేవాడట. మా నాన్న లారీ ఆ ఊరి పక్కనుంచి ఎన్ని వందలసార్లు పోయి ఉంటుందో.

రెండో రోజు గుండ్రంగా తిప్పి ముందు చక్రాలు జారడం చూపించారు. జారుతున్నప్పుడు స్టీరింగ్ ఇంకా తిప్పితే పట్టు రాదు, కాస్త వదిలి వేగం తగ్గితేనే వస్తుంది. అది నాకు ఇంకా పూర్తిగా పట్టుబడలేదు, మళ్ళీ వెళ్ళాలి.

ముందు టైర్లు రెండూ మార్పించి, తర్వాతి ఆదివారం నాన్నని ఊరి బయట ప్లాట్లు వేసి వదిలేసిన వెంచర్‌కి తీసుకెళ్ళాను. రోడ్లు ఖాళీగా ఉన్నాయి, రాత్రి వాన పడి తడిగా ఉన్నాయి. స్టీరింగ్ ఆయనకిచ్చి పక్కన కూర్చున్నాను. నలభైలో వచ్చాక "ఇప్పుడు తొక్కు నాన్నా, మొత్తం" అన్నాను.

తొక్కాడు. వెంటనే కాలు ఎత్తేశాడు.

"ఏందమ్మా ఇది, కొట్టుకుంటా ఉండాది!"

"నువ్వు చెప్పిందే చేస్తోంది నాన్నా. తొక్కి వదులుతోంది. నువ్వు కాలు తీయబాక" అన్నాను.

నాన్న చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. కారు వెనక్కి తిప్పి మళ్ళీ మొదటికి తీసుకెళ్ళాడు.