సరేనండి అంటే సరే కాదు

ఇక్కడ ఇంగ్లండులో ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్కును జీపీ సర్జరీ అంటారు. లెస్టర్‌లో ఒక సర్జరీలో నర్సుగా చేరానని ఫోన్లో చెబితే మా అమ్మ హడలిపోయింది. "ఆపరేషన్లు కూడా నీ చేతే చేయిస్తున్నారా?" అని. కాదమ్మా, బీపీ చూస్తాను, రక్తం తీస్తాను, ఏం తింటున్నారో అడుగుతాను అన్నాను. "అది అడగడానికి అంత దూరం పోవాలా?" అంది.

గుంటూరులో ఆరేళ్లు, ఇక్కడికొచ్చాక ఆస్పత్రి వార్డులో నాలుగేళ్లు చేశాను. వార్డులో పేషెంటు మంచం మీద ఉంటాడు, మనం చెప్పింది వింటాడు. సర్జరీకి వచ్చేవాళ్లు తమ కాళ్ల మీద నడిచొస్తారు, ఇరవై నిమిషాలు కూర్చుంటారు, కోటు తొడుక్కుని వెళ్లిపోతారు. మిగతా కథంతా వాళ్ల వంటింట్లో, మనకు కనపడకుండా జరుగుతుంది. ఈ తేడా నా బుర్రకెక్కడానికి చాలా రోజులే పట్టింది.

చేరిన నెలలోనే ఒక లారీ డ్రైవర్ వచ్చాడు. అరవైకి దగ్గర్లో ఉన్న ఇంగ్లిషాయన. (ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చే రాస్తున్నాను.) షుగరు హద్దు దాటేసింది. నేను గుంటూరు పద్ధతిలో మొదలుపెట్టాను. చిప్స్ మానేయండి, పైలు మానేయండి, బీరు తగ్గించండి, రోజూ నడవండి. ఆయన ఓపిగ్గా విని, "రైట్ యు ఆర్, మీ డక్" అని లేచి వెళ్లాడు. ఈ ప్రాంతంలో ఎవరినైనా ఆప్యాయంగా అలా పిలుస్తారు, 'నా బాతూ' అన్నట్టు. మొదటి వారమంతా నన్ను వెక్కిరిస్తున్నారేమో అనుకున్నాను. పని బాగా చేశానన్న తృప్తితో కంప్యూటర్లో పేజీడు నోట్సు రాసుకున్నాను.

ఏడాది దాకా ఆయన మళ్లీ రాలేదు. రక్తపరీక్షకు రమ్మని మెసేజ్‌లు పెట్టినా జవాబు లేదు. మా సీనియర్ నర్సు నా నోట్సు పైనుంచి కిందిదాకా చదివి ఒకటే అడిగింది: "ఇందులో ఆయన ఏమన్నాడో ఎక్కడుంది?"

లేదు. ఒక్క ముక్క కూడా లేదు. ఆ 'రైట్ యు ఆర్' మన 'సరేనండి'కి తమ్ముడేనని అప్పుడు వెలిగింది. మన దగ్గర డాక్టరు గారి ముందు తలూపడం మర్యాద. తలూపి బయటికొచ్చి, బస్టాండులో రెండు బజ్జీలు తిని ఇంటికెళతాం. అందులో డాక్టరు గారిని అగౌరవపరిచే ఉద్దేశమేమీ ఉండదు.

తర్వాత నన్నొక శిక్షణకు పంపారు. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటారు. 1980లలో తాగుడు మాన్పించే కౌన్సెలింగ్ నుంచి పుట్టిన పద్ధతి. అందులో ఒక ప్రశ్న నాకు మొదట్లో నవ్వు తెప్పించింది. "ఈ మార్పు మీరు చేయగలరన్న నమ్మకం పదికి ఎంత?" అని అడగాలి. పేషెంటు నాలుగు అంటాడు. నేనైతే "పది ఎందుకు లేదు?" అంటాను. మా చిన్నప్పుడు తొంభై మార్కులొస్తే మిగతా పది ఏమయ్యాయని అడిగేవాళ్ల మధ్య పెరిగినదాన్ని కదా! వీళ్లేమో "నాలుగు ఎందుకు? రెండు ఎందుకు కాలేదు?" అని అడగమంటారు. అలా అడిగితే మనిషి తనకున్న బలమేమిటో తనే వెతుక్కుని చెప్పడం మొదలుపెడతాడు. పదిసార్లు చేసి చూశాక నవ్వడం మానేశాను.

ఇంగ్లండులో 40 నుంచి 74 ఏళ్ల మధ్యనున్న వాళ్లలో గుండెజబ్బు, షుగరు లాంటివి లేనివాళ్లను ఐదేళ్లకోసారి పిలిచి హెల్త్ చెక్ చేస్తారు. అలా వచ్చాడు ఒక తెలుగాయన. 41 ఏళ్లు, సాఫ్ట్‌వేర్. నా యాస పట్టేసి, "సిస్టర్, మీది గుంటూరు వైపా?" అన్నాడు. తెనాలి అన్నాను. అంతే, సిస్టర్ కాస్తా అక్క అయిపోయింది.

"నేను సన్నగానే ఉన్నాను కదక్కా, నాకెందుకివన్నీ?"

బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, 24. ఇక్కడి తెల్లవాళ్ల లెక్కలో అది మామూలే, 25 దాకా భయం లేదు. దక్షిణాసియా వాళ్లకు మాత్రం 23 నుంచే జాగ్రత్తపడమంటారు, మనకు షుగరు తక్కువ బరువులోనే వస్తుంది కాబట్టి. నడుము కొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకూడదు. టేపు చుట్టగానే ఊపిరి బిగబట్టాడు. "వదలవయ్యా" అంటే వదిలాడు. 96.

రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు) 44 వచ్చింది. ఆ అంకె చూసి ఆయన మొహం పాలిపోయింది. ఇండియాలో 6.2 అని రాస్తారే, అదే ఇది అని చెప్పాక తేరుకున్నాడు. ఇక్కడ 42 నుంచి 47 దాకా షుగరుకు ముందు దశ, 48 నుంచి షుగరు.

"అన్నం ఎంత తింటారు?"

"మామూలుగానే."

నా ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన కొలత ఈ 'మామూలు'. అందుకే కుక్కరు కప్పు లెక్క అడుగుతాను. పొద్దున రెండు, రాత్రి రెండు, తినేది ఇద్దరు. ఆ కప్పుకు దాదాపు 150 గ్రాముల బియ్యం పడతాయి. లెక్క ఆయన చేతే వేయించాను. మనిషికి రోజుకు 300 గ్రాములు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రాత్రి పెరుగన్నం లేకపోతే భోంచేసినట్టే ఉండదక్కా" అన్నాడు. పాత నేనైతే అక్కడే ఉపన్యాసం అందుకునేదాన్ని. "మరి ఏది తగ్గించగలవు?" అన్నాను. పెరుగన్నం ఉంచి కూరన్నం తగ్గిస్తా, రాత్రికి కప్పున్నర చాలంటా అన్నాడు. "కానీ కప్పు మా ఆవిడ చేతిలో ఉంటుంది."

అయితే ఈసారి ఆవిడనూ తీసుకురమ్మన్నాను. వచ్చింది. అంతా విని, "ఆఫీసులో టీతో తినే బిస్కెట్ల సంగతి మీకు చెప్పారా?" అంది. చెప్పలేదు.

షుగరు రాకుండా ఆపడానికి 2016 నుంచి ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ) వాళ్ల తొమ్మిది నెలల కార్యక్రమం ఒకటి ఉంది, దానికి పంపాను. ఏడాది తర్వాత 43. ఒక్క అంకేనా అని ఆయన నీరుగారిపోయాడు. పెరగనందుకు నాకు సంతోషంగానే ఉంది.

ఇదంతా మాటలతో అయిపోతుందని నేననను. నడవమని చెప్పడం తేలికే, డిసెంబరులో నాలుగింటికే చీకటి పడే ఊళ్లో ఎక్కడ నడుస్తారు? గోడౌన్లో రాత్రి షిఫ్టు దిగి వచ్చేవాడికి ఆ వేళ తెరిచి ఉన్న కొట్లో దొరికిందే భోజనం. డాక్టరుకేమో మనిషికి పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో మోకాలినొప్పి సంగతి చూసేసరికి తిండి సంగతి మిగిలిపోతుంది.

లారీ డ్రైవరు చివరికి వచ్చాడు, కాలి పుండు చూపించడానికి. కట్టు కడుతూ, ఈసారి ఏమీ చెప్పకుండా, ఇంట్లో వంట ఎవరు చేస్తారని అడిగాను. భార్య పోయి రెండేళ్లయిందట. తనకు టీ పెట్టుకోవడం తప్ప ఏమీ రాదట. పైలు ఎందుకు తింటున్నాడో అప్పుడు అర్థమైంది. మా సర్జరీలో మందులు కాకుండా మనుషులతో కలిపే పని చూసే లింక్ వర్కర్ ఒకామె ఉంది. ఆమె దగ్గరికి పంపాను. ఆమె ఆయన్ని మగవాళ్ల వంట క్లాసులో చేర్చింది. పుండు మానాక శనివారం పార్క్‌రన్‌కు వెళ్లమంది.

పార్క్‌రన్ అంటే పొద్దున తొమ్మిదింటికి పార్కులో ఐదు కిలోమీటర్లు. డబ్బు కట్టక్కర్లేదు, పరుగెత్తక్కర్లేదు, నడిచినా చాలు. అందరికంటే వెనక ఒక వాలంటీరు నడుస్తారు, టెయిల్ వాకర్ అని. వచ్చినవాళ్లెవరూ ఆఖరివాళ్లుగా మిగలకుండా ఉండటానికి ఈ ఏర్పాటు. పోయిన నెల విక్టోరియా పార్కులో ఆ పని నాకిచ్చారు. సన్నగా వాన. నా ముందు ఆయన ఒక్కడే, గంటకు పైగా పట్టింది. దారంతా లీకు (ఉల్లికాడల్లాంటిది) కూర ఎలా వండాడో చెబుతూనే ఉన్నాడు. లైను దాటాక టైము నమోదు చేయడానికి బార్‌కోడ్ అడిగారు.

ఆయన జేబులన్నీ తడుముకుని నా వైపు చూశాడు. "ఇంట్లో మర్చిపోయాను, మీ డక్."