అచ్చు గీత ఆగిన చోట

సరటోగా స్ప్రింగ్స్‌కి బయల్దేరేటప్పుడు నా సంచిలో రెండు సీసాలున్నాయి. విడివిడిగా తువ్వాళ్లలో చుట్టి, మధ్యలో మందపాటి అట్ట పెట్టాను. ఒకటి లేత నీలిపచ్చ జాడీ. దాని పొట్ట మీద ‘మేసన్స్ పేటెంట్, నవంబర్ 30, 1858’ అని ఉబ్బెత్తు అక్షరాలు. రెండోది వేలెడంత మందుసీసా, చిక్కటి వంకాయ రంగు. మూడేళ్ల కిందట ఒకే మనిషి దగ్గర రెండూ కొన్నాను. నా దగ్గరున్న వాటన్నిటిలోకీ ఇవే విలువైనవని నా నమ్మకం. తెలిసినవాళ్ల చేత వీటి వయసూ విలువా చెప్పించుకోవాలన్నది ఈ ప్రయాణానికి ఒక కారణం. పాత సీసాలు పోగుచేసేవాళ్లు ‘సరటోగాలు’ అని పిలుచుకునే ఆకుపచ్చ సీసాల ఊరు చూడాలన్నది రెండో కారణం.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో, ఆల్బనీకి ఉత్తరాన ఉందీ ఊరు. పక్కనే, పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో బాల్‌స్టన్ స్పా అనే చిన్న ఊళ్లో సీసాల మ్యూజియం ఉంది. ఏటా జూన్‌లో ఆ చుట్టుపక్కలే పాత సీసాల అమ్మకం కూడా జరుగుతుంది. మా అక్క కారు నడుపుతానంది. సీసాల మీద తనకి ఆసక్తి లేదు, నా మీద ఉంది.

పొద్దున్నే కాంగ్రెస్ పార్కుకి వెళ్లాం. 1792లో ఇక్కడ బయటపడిన ఊటకి కాంగ్రెస్ స్ప్రింగ్ అని పేరు పెట్టారు. 1820ల్లో జాన్ క్లార్క్ అనే ఆయన ఆ నీళ్లని సీసాల్లో నింపి దూరప్రాంతాలకి పంపడం మొదలుపెట్టాడు. అప్పట్లో ఇవి వట్టి నీళ్లు కావు, మందు. అజీర్తికీ, కీళ్లనొప్పులకీ తాగేవాళ్లు. దోసిట్లో పట్టి ఒక గుక్క తాగాను. ఉప్పు, వెనకాలే ఇనుము రుచి, నాలుక మీద సన్నగా గ్యాసు చురుకు. అక్క ఒక్క చుక్క నోట్లో వేసుకుని మొహం తిప్పుకుంది.

నాకు మాత్రం ఆ చురుకులోనే సీసా మొత్తం కనిపించింది. నీళ్లలో గ్యాసుంటే లోపల్నించి ఒత్తిడి ఉంటుంది. అందుకే సరటోగా సీసా అంత మందం, భుజాలు అంత గుండ్రం. మూతి చుట్టూ దిట్టమైన గాజు పట్టీ ఉండేది బిరడాని తీగతో బిగించి కట్టడానికి. సీసాల అవసరం ఎంత పెరిగిందంటే, ఆస్కార్ గ్రేంజర్ అనే ఆయన దగ్గర్లోని కొండల్లో ఏకంగా ఒక గాజు కార్ఖానా పెట్టాడు. కొలిమికి కట్టెలు అడవిలోనే దొరికేవి. తర్వాత ఆ పని ఊటల పక్కకే తరలివచ్చింది. నీళ్ల కోసం సీసా, సీసా కోసం కొలిమి, కొలిమి కోసం ఓ పల్లె. ఆ తర్వాతి కాలంలో గ్యాసు అమ్ముకోవడానికి కంపెనీలు ఊటల్ని పంపులతో తోడేస్తుంటే, 1909లో రాష్ట్ర ప్రభుత్వమే ఆ భూముల్ని తన రక్షణలోకి తీసుకోవాల్సి వచ్చింది. ఆ పని చెయ్యకపోయుంటే ఆ పొద్దున నా దోసిట్లోకి నీళ్లు వచ్చేవో లేదో.

బాల్‌స్టన్ స్పాలో మిల్టన్ అవెన్యూ మీద ఉంది మ్యూజియం. ఒకప్పుడు ఇనుప సామాన్ల కొట్టు. గోడల పొడుగునా సీసాలే. మందులవి, సిరావి, విషాలవి, సోడావి. విషం సీసాల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. నీలం గాజు, ఒంటినిండా గట్లు. చీకట్లో తడుముకునేటప్పుడు మందనుకుని తాగెయ్యకుండా చేతికే తెలియాలని అలా చేసేవాళ్లు. చూడ్డానికి అందం కోసం చేసినట్టుంటుంది కానీ, ఆ గట్లు ఒక హెచ్చరిక.

యంత్రాలు రాకముందు సీసా ఎలా పుట్టేదో తెలిస్తే తప్ప దాని వయసు చెప్పలేం. ఊదేవాడు కొలిమిలోంచి కరిగిన గాజు ముద్దని గొట్టం కొసకి చుట్టుకుని, అచ్చులో పెట్టి ఊదుతాడు. అచ్చు రెండు చెక్కలుగా తెరుచుకుంటుంది కాబట్టి సీసాకి రెండువైపులా నిలువుగా ఒక సన్నటి అతుకు గీత పడుతుంది. తర్వాత అడుగున ఒక ఇనప కడ్డీ అంటించి పట్టుకుని, మూతిని గొట్టం నుంచి విడదీసి, ఇంకాస్త గాజు చుట్టి పనిముట్టుతో తిప్పి మూతి తీరుస్తాడు. కడ్డీ విరగ్గొట్టాక అడుగున గరుకు మచ్చ మిగులుతుంది. దాన్నే పొంటిల్ మచ్చ అంటారు. 1860ల కల్లా ఈ కడ్డీ బదులు సీసాని బయట నుంచి బిగించి పట్టుకునే పటకారు వాడకంలోకి వచ్చింది, మచ్చ కూడా పోయింది. అందుకే అమెరికా సీసాల్లో మచ్చ ఉన్నది కనిపిస్తే సీసాలు పోగుచేసేవాళ్ల గుండె ఒక్కసారి ఆగుతుంది.

ఈ కొలిముల దగ్గర చిన్నపిల్లలు చాలామంది పనిచేసేవాళ్లు. అచ్చు తెరవడం, వేడి సీసాలు మోసుకెళ్లడం వాళ్ల పని. మైకేల్ ఓవెన్స్ పదేళ్ల వయసులో అలాగే గాజు కార్ఖానాలో చేరాడు. అతనే 1903 ప్రాంతంలో సీసాలు తనంతట తానే తయారుచేసే యంత్రాన్ని నిలబెట్టాడు. గాజుని కింద నుంచి పీల్చుకుని సీసాగా ఊదే యంత్రం అది. ఊదేవాళ్ల బతుకుతెరువు దాంతో పోయింది, పిల్లల చాకిరీ కూడా దాంతోనే తగ్గింది. చేత్తో ఊదిన సీసాలంటే నాకు ప్రాణం. అయినా ఆ యంత్రం రాకుండా ఉండాల్సిందని అనలేను.

మర్నాడు ఆదివారం అమ్మకం. బల్లల వరసలు, బల్లల మీద వందల సీసాలు, వాటిలోంచి దూసుకొస్తున్న ఎండ. తేనె రంగు, ఆలివ్ రంగు, కోబాల్ట్ నీలం. మూడో వరసలో డెబ్భై ఏళ్లుంటాయేమో, ఒకావిడ కుర్చీలో కూర్చుని భూతద్దం తుడుచుకుంటోంది. ఆవిడ బల్ల మీద ప్రతి సీసా పక్కనా చిన్న చీటీ. ‘మూతి దగ్గర పెచ్చు ఉంది’, ‘లోపల మసక’, ‘రిపేరు చేసినది’ అని లోపాలన్నీ ఆవిడే రాసి పెట్టింది. అది చూసే అక్కడ ఆగాను.

నా జాడీ తీసి ఇచ్చాను. ఆవిడ అక్షరాల వంక చూడనేలేదు. మూతి మీద బొటనవేలు తిప్పింది, తిరగేసి అడుగు చూసింది, మళ్లీ నా చేతిలో పెట్టింది.

“కళ్లు మూసుకుని గీత వెంట వేలు పోనివ్వండి. ఎక్కడ ఆగుతుందో చెప్పండి.”

పోనిచ్చాను. పొట్ట మీంచి భుజం, భుజం మీంచి మెడ, మరలు దాటి మూతి పైఅంచు మీదికి ఎక్కింది గీత. ఎక్కడా ఆగలేదు.

“ఆగలేదంటే మూతి కూడా అచ్చులోనే తయారైందన్నమాట. యంత్రం పని. అడుగున చూడండి, వంకరటింకర వలయం. గాజుని పీల్చుకున్న యంత్రం కోసిన చోటు అది. ఇది 1903కి ముందుది కాదండీ.”

“మరి 1858 అనుంది కదా?”

“అది జాన్ మేసన్ మరమూతకి పేటెంట్ వచ్చిన తేదీ. జాడీ పుట్టిన రోజు కాదు. ఆ తేదీ అలాగే ఉంచి దశాబ్దాల పాటు జాడీలు చేశారు. మొదట్లోవి అయితే మూతి అంచు సానపట్టి ఉంటుంది, గరుగ్గా తగులుతుంది. మీది నున్నగా ఉంది.”

మూడేళ్లుగా ఆ జాడీ మీది తేదీ చదువుతున్నానే తప్ప జాడీని చదవలేదని అప్పుడర్థమైంది. మనసు చివుక్కుమంది. ఊదా సీసా తియ్యాలా వద్దా అని తటపటాయించాను. అక్కే సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

దాన్ని చూడగానే ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఓపిగ్గా చెప్పుకొచ్చింది. ఇసుకలో ఇనుము ఉంటుంది కాబట్టి మామూలు గాజుకి నీలిపచ్చ ఛాయ వస్తుంది. ఆ ఛాయ విరగ్గొట్టి గాజుని తెల్లగా, అంటే ఏ రంగూ లేకుండా చెయ్యడానికి మాంగనీసు కలిపేవాళ్లు, ముఖ్యంగా 1880ల నుంచి మొదటి ప్రపంచయుద్ధం దాకా. ఆ గాజు ఏళ్ల తరబడి ఎండలో పడి ఉంటే అతినీలలోహిత కిరణాలకి లేత ఊదాగా మారుతుంది. అది సహజమే. అయితే ఈ రంగుకి గిరాకీ చూసి కొందరు తెల్ల సీసాల్ని రేడియేషన్‌కి గురిచేసి ఒకే దెబ్బలో ముదురు ఊదాగా మార్చేస్తున్నారు. నా సీసాలో అడుగు నుంచి మూతిదాకా ఒకే చిక్కదనం. ఎండ అలా సమానంగా కాయదు.

“సీసా పాతదే. చూడండి, గీత మెడ మధ్యలో మాయమైంది, పనిముట్టుతో మూతి తిప్పినప్పుడు తుడిచిపెట్టుకుపోయింది. 1900కి అటూఇటూది. తెల్లగానే ఉండుంటే నిజాయితీ గల సీసా అయ్యుండేది.”

ఆ మాట నన్ను పట్టుకుంది. మూడేళ్ల కిందట ఆ అమ్మిన మనిషి ‘ఎండకి పండిన రంగు’ అని ఎంత నమ్మకంగా చెప్పాడో గుర్తొచ్చి కోపమూ వచ్చింది. నా డబ్బు పోతే పోయింది. వందేళ్లు దాటిన వస్తువుని ఇలా చెయ్యడానికి చేతులెలా వస్తాయి?

అక్క ఆవిడ్ని ఒక సూటి ప్రశ్న అడిగింది. “ఎంత పాతదైతే అంత విలువ కాదా అండీ?” కాదని ఆవిడ ఇచ్చిన ఉదాహరణ నేనెప్పటికీ మర్చిపోను. దాదాపు రెండువేల ఏళ్ల కిందటి రోమన్ చిన్న అత్తరు సీసాలు ఈనాటికీ ఎన్నో దొరుకుతాయి. పందొమ్మిదో శతాబ్దపు అరుదైన సారా సీసా ఒక్కటి అలాంటివి చాలావాటిని కలిపినా మించిన ధర పలకొచ్చు. ఎన్ని మిగిలాయి, ఎంతమంది కావాలనుకుంటున్నారు, ఏ రంగు, ఏ స్థితి, అక్షరాలు ఎంత స్పష్టం అన్నవి కలిస్తే విలువ. అదే అచ్చు, అవే అక్షరాలు, గాజు రంగు ఒక్కటి మారితే ధర ఎన్నో రెట్లు మారిపోతుంది. ఇంకో మాట కూడా చెప్పింది. ఎవరైనా ఎంత అడుగుతున్నారన్నది ధర కాదు, వేలంలో నిజంగా ఎంతకి అమ్ముడైందన్నదే చూడాలి.

అతినీలలోహిత కాంతినిచ్చే చిన్న టార్చి తీసి, గుడ్డ కప్పి, ‘రిపేరు చేసినది’ అని రాసున్న సీసా మూతి మీద వేసింది. గాజంతా చీకటిగా ఉంటే అంచున గోరంత ముక్క మాత్రం తెల్లగా వెలిగింది. జిగురుతో పూడ్చిన చోటు. పగటి వెలుగులో నా కంటికి అది అస్సలు ఆనలేదు.

చివరికి నేను వచ్చిన పని. ఆవిడ దగ్గర సరటోగాలు రెండున్నాయి, రెండూ ‘కాంగ్రెస్ అండ్ ఎంపైర్ స్ప్రింగ్ కంపెనీ’వే, మధ్యలో పెద్ద ‘సి’ అక్షరంతో. ఒకటి అద్దంలా మెరుస్తోంది. రెండోది నేలలో పూడిపోయి ఉన్నన్నాళ్లూ పట్టిన మసకతో, భుజం మీద సన్నటి గీతలతో ఉంది. నా చెయ్యి మెరిసేదాని మీదకే వెళ్లింది.

“దాన్ని గొట్టంలో పెట్టి రాగి ముక్కలు, పాలిష్ పొడి, నీళ్లు పోసి రోజుల తరబడి తిప్పారు. ‘సి’ అంచు తడిమి చూడండి.”

తడిమాను. మెరిసేదాని ‘సి’ వానకి కరిగిన మట్టిగోడలా మెత్తబడి ఉంది. మసకదాని ‘సి’ అంచు వేలికి పదునుగా తగిలింది. జాగ్రత్తగా చేస్తే పాలిష్ తప్పేం కాదనేవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్ల షెల్ఫులు నాకన్నా అందంగా ఉంటాయి కూడా. నాకు మాత్రం అచ్చు నుంచి బయటికొచ్చినప్పుడు ఉన్న అంచే కావాలి. మసకదే తీసుకున్నాను. మూతి చుట్టూ గోరు తిప్పి చూశాను, ఎక్కడా తగల్లేదు. ఎండకి ఎదురుగా పట్టి తిప్పాను, పగులు మెరుపు లేదు. గాజు లోపల ఆవగింజలంత బుడగలు, కొన్ని పైకి ఎగబాకుతూ సాగిపోయి ఉన్నాయి. అది ఊదినవాడి ఊపిరి కాదని, సరిగ్గా కరగని గాజులో మిగిలిన వాయువని నాకు తెలుసు. అయినా చాలాసేపు వాటినే చూస్తూ ఉండిపోయాను.

ఊదా సీసాని ఆవిడ కొనలేదు. కొలిమిలో మెల్లగా వేడిచేస్తే ఆ రంగు పోతుంది గానీ, సీసా పగిలే ప్రమాదం ఉందంది. చెయ్యననుకున్నాను. దాని పక్కన నేనూ ఒక చీటీ పెడతాను, ‘రేడియేషన్‌తో రంగు మార్చినది’ అని.

తిరుగు ప్రయాణంలో ఓ చోట ఆగినప్పుడు అక్క ఆకుపచ్చ సీసా ఇమ్మని అడిగింది. స్టీరింగ్ మీద మోచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, గీత వెంట వేలు పోనిచ్చింది. భుజం, మెడ, పైకి.

“ఆగిందిరా. ఈ పట్టీ కింద.”

“అక్కడి నుంచి చేత్తో చేసిందక్కా.”

వేలు పట్టీ చుట్టూ తిప్పి, ఇంకోచోట ఆపింది. “ఇక్కడేదో బొడిపెలా ఉందేంటి?”

చూశాను. మూతికి చుట్టిన గాజు, చల్లారేలోపు ఒక చుక్క కిందికి జారి, మెడ మీద అలాగే నిలిచిపోయింది.